కర్పూరం ఆర్పిన చెయ్యి

మా ఊరిగాంలో కొందరూ, ముళబాగిలు తాలూకాలో మా అక్క వాళ్ల ఊళ్లో చాలామందీ ఇప్పటికీ నమ్మే మాట ఒకటి ఉంది. నా భార్య సుగుణ మాత్రలు సరిగా ఇవ్వలేదనీ, అందుకే నాకు పెట్టిన గుండెను ఒళ్లు ఒప్పుకోలేదనీ. ఆ మాట తప్పు. తప్పని నాకు మొదటి నుంచీ తెలుసు. తెలిసీ నేను నోరు విప్పలేదు కాబట్టే అది అంత దూరం పోయింది. ఇప్పుడు కొంచెం నడవగలుగుతున్నాను, కూర్చుని రాయగలుగుతున్నాను. అందుకని జరిగింది జరిగినట్టు రాసి పెడుతున్నాను. గుండె మార్పించుకున్నవాళ్లు ఎవరైనా చదివితే వాళ్లకు కూడా కొంత పనికొస్తుంది.

నా పేరు మునిరత్నం. మా తాత చిత్తూరు వైపు పల్లె నుంచి ఇక్కడి కోలారు బంగారు గనిలో పనికి వచ్చాడు. మా నాన్న కూడా ఆ గనిలోనే దిగాడు. గని మూతపడ్డాక నేను రాబర్ట్‌సన్‌పేటలో మోటార్లకు వైండింగ్ చేసే షాపు పెట్టుకున్నాను. సుగుణ అంగన్‌వాడీ టీచరు. మాకు పిల్లలు లేరు. అక్క నాగరత్నమ్మ కూతుర్ని నేను చేసుకోవాలని ఇంట్లో పెద్దవాళ్లు అనుకున్నారు. మా వైపు అది మామూలే. మా అమ్మ కూడా మా నాన్నకు సొంత అక్క కూతురు. నేను వినకుండా కుప్పం దగ్గర, ఏ చుట్టరికమూ లేని ఇంట్లో పిల్లను చేసుకున్నాను. అక్క మమ్మల్ని వదిలెయ్యలేదు, పండక్కి పిలిచేది, కోడిగుడ్లు పంపేది. కానీ సుగుణ పేరు చెప్పాల్సిన చోట 'బయటి పిల్ల' అనేది. అలవాటైపోయి మేమిద్దరమూ దాన్ని పట్టించుకోవడం మానేశాము.

రెండేళ్ల కిందట వానాకాలంలో నాకు ఒక జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది, ఆయాసం మిగిలింది. షాపు మెట్లు రెండు ఎక్కితే గోడ పట్టుకుని నిలబడేవాణ్ణి. పడుకుంటే ఊపిరి అందక లేచి కూర్చునేవాణ్ణి. కోలారులో చూసి బెంగళూరుకు పంపారు. అక్కడ, జ్వరం గుండె కండను దెబ్బతీసిందనీ, ఇక అది కోలుకోదనీ, వేరే గుండె పెట్టాల్సిందేననీ చెప్పారు. ఎవరో ఒకరు పోతే తప్ప నేను బతకను. ఆ మాట తెలిశాక దేవుడికి దండం పెట్టుకోవడానికి కూడా భయం వేసింది. ఏమని అడగాలి?

ఆసుపత్రి దగ్గర ఒక గది అద్దెకు తీసుకుని ఎదురుచూశాము. పిలిచిన ప్రతిసారీ పోయి ఆ వరండాలో కుర్చీల్లో కూర్చునేవాళ్లము. అక్కడ శ్రీనివాసపురం నుంచి వచ్చిన ఒకామె పరిచయమైంది. ఆమె భర్తది కూడా నా జబ్బే. సుగుణ ఆలస్యంగా వస్తే పక్క కుర్చీ మీద తన కొంగు పరిచి జాగా పట్టి ఉంచేది. అక్టోబరులో ఒక పొద్దున ఆమె ఒంటరిగా వచ్చింది. భర్తకు గుండె దొరికేలోపే ప్రాణం పోయిందని చెప్పింది. సుగుణ చేతిలో తన స్టీలు ఫ్లాస్కు పెట్టి, "నాకు ఇంగ దీంతో పని లేదమ్మా. మీ ఆయనకు వేణ్ణీళ్లకు పెట్టుకో" అని వెళ్లిపోయింది. ఆమె పేరు మేము అడగలేదు. ఆ ఫ్లాస్కు ఇప్పటికీ మా దగ్గరే ఉంది.

నవంబరులో నాకు గుండె దొరికింది. ఎవరిదో చెప్పరు, అడగకూడదు. ఆపరేషను గురించి నాకు గుర్తున్నది చలి, గొంతులో గొట్టం, సుగుణ వేళ్లు. కళ్లు తెరిచాక నా ఛాతీలో ఎవరో తలుపు తడుతున్నట్టు కొట్టుకుంటున్న ఆ గుండె చప్పుడు విని ఏడ్చాను.

ఫిబ్రవరిలో ఊరిగాం వచ్చాము. గని కంపెనీ కట్టించిన పాత ఇళ్ల లైన్లలో మా పక్క ఇల్లు మేరీ అమ్మది. ఆమె భర్త, మా నాన్న ఒకే షిఫ్టులో దిగినవాళ్లు. మేరీ అమ్మ మూతికి గుడ్డ కట్టుకుని గేటు దగ్గరే నిలబడి, "ఏమప్పా మునిరత్నం, మోటారు కొత్తది, బాడీ పాతదేనా? గ్యారంటీ కార్డు ఇచ్చినారా?" అంది. ఆపరేషను తర్వాత నేను గట్టిగా నవ్వింది ఆ రోజే. కుట్లు వేసిన చోట లాగి, ఛాతీ పట్టుకుని కూర్చున్నాను.

ఇల్లంతా సుగుణ చేతిలోకి పోయింది. కాచిన నీళ్లు, అప్పుడే వండిన అన్నం, ఎవరు వచ్చినా గేటు అవతలే. మాత్రల్లో ముఖ్యమైనది ఒకటి ఉంది. వేరేవాళ్ల గుండె లోపల ఉందని ఒళ్లు పసిగట్టి దాని మీదికి పోకుండా, ఒంటిలోని కాపలాను నిద్రపుచ్చి ఉంచే మందు అది. పొద్దున, సాయంత్రం ఒకే వేళకు పడాలి. సుగుణ ఆ వేళకు నా ఎదుట నిలబడి, మాత్ర నా అరచేతిలో పెట్టి, నేను మింగేదాకా కదిలేది కాదు. ఒకసారి విసుక్కుని, "నేనేమన్నా మీ అంగన్‌వాడీ పిల్లోణ్ణా?" అన్నాను. "వాళ్లయితే చెప్పినట్టు వింటారు" అంది.

ఉగాది ముందర బెంగళూరులో చూపించుకున్నప్పుడు డాక్టరమ్మ ఒక మాత్ర ఆపించింది. బూజు జబ్బులు పట్టకుండా ఇచ్చే మాత్ర అది. "ఇది ఆపితే గుండెకు ఇచ్చే ముఖ్యమైన మందు మీ రక్తంలో తగ్గొచ్చు. వారం తర్వాత, పొద్దున మాత్ర వేసుకోకముందే వచ్చి రక్తం ఇవ్వాలి" అని కన్నడలో, తెలుగులో రెండుసార్లు చెప్పింది. నాకు బాగానే అర్థమైంది. తర్వాత జరిగినదానికి అర్థం కాలేదని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు.

ఆ మంగళవారం సుగుణకు సెంటర్లో ఇన్‌స్పెక్షను. సెలవు దొరకలేదు. "నేను ఒక్కణ్ణే పోయి వస్తాలే, బాగుండాను గదా" అన్నాను. ఫ్లాస్కు, మాత్ర, ఇడ్లీ డబ్బా సంచిలో పెట్టి రైలెక్కించింది. మా పొద్దుటి రైలు సంగతి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. బెంగళూరు పనులకు పోయేవాళ్లతో కాలు పెట్టే సందు ఉండదు. నా ఎదురుగా ఒకతను దగ్గుతూనే ఉన్నాడు. నాకు ఎక్కడలేని భయం వేసింది. భయంతోపాటు రోత కూడా. సూదులు, వరండా, కుర్చీలు, మళ్లీ ఆ మొహాలు. బంగారుపేటలో రైలు ఆగితే దిగేశాను. బయట ముళబాగిలు బస్సు కనబడింది. ఎక్కి కూర్చున్నాను.

అక్క నన్ను చూసి వాకిట్లోనే ఏడ్చింది. రాగి ముద్ద, అనపగింజల పులుసు చేసింది. మాత్ర వేసుకుని తిన్నాను. బావతో మామిడి తోపులో తిరిగాను. పట్టుపురుగులు గూళ్లు అల్లే వెదురు చంద్రికలు చూశాను. ఆ రోజంతా నేను రోగిని కాను. ఆసుపత్రికి పోవలసినవాణ్ణి వచ్చానని అక్కకు చెప్పలేదు. సాయంత్రం ఇంటికి వచ్చాక సుగుణ, "రక్తం ఇచ్చినావా?" అని అడిగింది.

"ఇచ్చినా."

"ఏమన్నారు?"

"బాగుండాదన్నారు."

ఆసుపత్రి నుంచి ఫోన్ చేసిన అమ్మాయికి వచ్చేవారం వస్తానని చెప్పాను. ఆ వచ్చేవారం పోలేదు. మాత్రలు వేళకు పడుతున్నాయి కదా, ఒంట్లో బాగానే ఉంది కదా, ఇంకేం కావాలి అనుకున్నాను.

మే నెలలో కాళ్లు వాచాయి. స్నానం చేసి వస్తే ఆయాసం. పాత జబ్బు నడుచుకుంటూ వెనక్కి వస్తున్నట్టు అనిపించింది. బెంగళూరులో మెడ నరం గుండా గుండెలోంచి చిన్న ముక్క తీసి చూశారు. నా ఒళ్లు గుండె మీదికి తిరగబడింది అన్నారు. నన్ను లోపల పడుకోబెట్టి పెద్ద మందులు ఎక్కించడం మొదలుపెట్టారు.

డాక్టరమ్మ వరండాలోకి వచ్చి సుగుణను అడిగిన మొదటి ప్రశ్న, మాత్రలు తప్పాయా అని. రక్తంలో మందు ఉండాల్సిన దాంట్లో కొంచెం కూడా లేదని చెప్పింది. ఆ హడావుడిలో నేను ఇవ్వని రక్తం సంగతి ఎవరూ ఎత్తలేదు. అక్క అక్కడే ఉంది. తర్వాత ఇద్దరూ నా మంచం దగ్గరికి వచ్చారు.

"ఏమ్మా సుగుణా, మాత్రలు ఎవురు ఇస్తా ఉండింది?" అంది అక్క.

"నేనే వదినా. ఒక పూట కూడా తప్పల్యా."

"ఇచ్చింటే మందు యాడికి పోతాది? నీళ్లా ఆవిరైపోయేదానికి?"

సుగుణ నా వైపు చూసింది. "చెప్పప్పా నువ్వన్నా. నా చేతుల్తోనే ఇస్తా ఉండాను గదా."

"ఇస్తా ఉండింది" అన్నాను. అంతే అన్నాను. అది నిజమే. కానీ రక్తం ఇవ్వలేదన్న మాట నాలుక మీదికి రాలేదు. ఎవరో చచ్చిపోతూ ఇచ్చిన గుండెను, దొరక్క పోయినవాళ్లు ఉండగా నాకు పెట్టిన గుండెను, నేను ఒక పూట షికారు కోసం పాడు చేసుకున్నానని ఎలా చెప్పడం? నా మంచం అంచున ఆ ఫ్లాస్కు ఉంది. దాన్ని చూడకుండా గోడ వైపు తిరిగాను. అక్క నా మౌనాన్ని తనకు తోచినట్టు అర్థం చేసుకుంది. భార్యను కాపాడుకోవడానికి తమ్ముడు నిజం మింగుతున్నాడు అనుకుంది. ఊరికి పోయి అదే చెప్పింది.

వార్డులో నర్సులే మాత్ర ఇచ్చి, నోరు తెరిపించి చూసేవాళ్లు. అయినా రక్తంలో మందు పెరగలేదు. అప్పుడు డాక్టరమ్మకు అనుమానం వచ్చి, నా పుట్టుకలోనే ఏదైనా ఉందేమో చూడాలని మరో రక్తపరీక్షకు పంపింది. మాత్ర పెంచి, కొంచెం కుదుటపడ్డాక ఇంటికి పంపారు. పరీక్ష ఫలితం రావడానికి టైము పడుతుందన్నారు.

జూన్‌లో ఒక ఆదివారం పొద్దున అక్క, బావ వచ్చారు. అక్క కురుడుమలె వినాయకుడి గుడిలో పూజ చేయించి తెచ్చిన కర్పూరం సంచిలోంచి తీసింది. మా పల్లెల్లో ఒక ప్రమాణం ఉంది. పొలం గట్టు తగాదా వచ్చినా, గొర్రె పోయినా, అనుమానం ఉన్న మనిషి వెలుగుతున్న కర్పూరం మీద అరచెయ్యి వేసి ఆర్పి, తన తప్పు లేదని చెప్పాలి. చెప్తే ఇక ఎవరూ మాట్లాడకూడదు. అబద్ధం చెప్పి ఆర్పితే ఇల్లు నిలవదని నమ్మకం.

"నేను నిన్ను ఏమీ అంటల్యా సుగుణా. ఊరంతా అడగతా ఉండారు. ఆర్పి ఒక మాట చెప్పు, నేను ఇంగ నోరెత్తను" అంది అక్క.

గోడ అవతల నుంచి మేరీ అమ్మ వచ్చింది. "ఆస్పత్రి సంగతికి కర్పూరం ఏందమ్మా? డాక్టరమ్మను అడగండి."

"నువ్వు సుమ్మనే ఉండు మేరమ్మా, ఇది మా ఇంటి సంగతి." అక్క సుగుణ వైపు తిరిగింది. "ఆ మంగళవారం మా ఇంటికి వచ్చినప్పుడు వీడు ఎట్లుండాడు! రెండు ముద్దలు తిన్యాడు. తోపంతా తిరిగినాడు. అంత బాగుండినోడు నెలన్నా తిరక్కముందే ఇట్లయినాడంటే, ఇంట్లో ఏదో జరిగుండల్ల గదా?"

"ఏ మంగళవారం వదినా?"

"ఉగాది దాటినంక. పొద్దున రైలు దిగి వచ్చినాడు గదా, నీకు తెలీకుండానా?"

సుగుణ తల తిప్పి నన్ను చూసింది. ఆమె మొహంలో కోపం లేదు. ఒక లెక్క సరిపోయినప్పటి నిదానం ఉంది. నేను ఒక్క మాట చెబితే చాలు. బావ అగ్గిపుల్ల గీశాడు. గడప రాయి మీద కర్పూరం అంటుకుంది. సుగుణ ఇంకా నన్నే చూస్తోంది. నేను నా కాళ్ల వాపు చూసుకుంటూ కూర్చున్నాను.

ఆమె వంగి, కుడి అరచెయ్యి మంట మీద వేసి అదిమింది. "నేను ఒక పూట కూడా మాత్ర తప్పించల్యా" అంది. చెయ్యి తీసేసరికి మధ్యలో ఎర్రగా పొంగింది. మేరీ అమ్మ ఆమెను చెయ్యి పట్టుకుని కుళాయి దగ్గరికి తీసుకుపోయింది. అక్క కళ్లు తుడుచుకుని, "ఇంగ సరి" అంది. కానీ ఊళ్లో ఆ మాట ఆగలేదు. కర్పూరం ఆర్పించారంటే ఏదో ఉండే ఉంటుంది అనుకున్నవాళ్లే ఎక్కువ.

ఆ సాయంత్రం నుంచి సుగుణ మాత్ర నా అరచేతిలో పెట్టడం మానేసింది. వేళకు పళ్లెంలో పెట్టి, నేను మింగేదాకా నిలబడుతుంది. అంతే.

జూలైలో ఫలితం వచ్చింది. డాక్టరమ్మ మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టి, "మీ అమ్మానాన్నలు దగ్గరి చుట్టాలా?" అని అడిగింది. చెప్పాను. మేము పల్లె మూలాలున్నవాళ్లమని తెలిసి ఆమె నేల పోలికతో చెప్పింది. ఒకే కొలత నీళ్లు పోసినా నల్లనేల నిలుపుకుంటుంది, ఇసుకనేల ఇట్టే పీల్చేస్తుంది. ఈ మందు విషయంలో నా ఒళ్లు ఇసుకనేల. మందును విరిచేసే పని ఎంత జోరుగా జరగాలన్నది పుట్టుకతోనే వస్తుంది, తల్లి నుంచి ఒక పాలు, తండ్రి నుంచి ఒక పాలు. నాకు రెండు వైపులా జోరుదే వచ్చింది. ఒకే కుటుంబంలో పెళ్లిళ్లయితే అలా రెండూ ఒకటే రావడానికి వీలు ఎక్కువ. అది జబ్బు కాదు. ఈ మందు అవసరం పడకపోతే చచ్చేదాకా తెలిసేది కూడా కాదు. బూజు జబ్బుకిచ్చిన మాత్ర ఆ జోరును అణచి ఉంచింది. అది ఆపగానే మందు నిలవలేదు.

మందు యాడికి పోతాది అని అక్క అడిగిన దానికి జవాబు అది. బయటి పిల్ల చేతిలో ఏ తప్పూ లేదు. మందును తినేసింది మా ఇంటి రక్తమే.

అంతటితో అయిపోతే నేనూ తప్పించుకునేవాణ్ణి. డాక్టరమ్మ కాగితాలు పక్కన పెట్టి, "ఇది మీ తప్పు కాదు. కానీ వారం తర్వాత వచ్చి రక్తం ఇచ్చి ఉంటే అప్పుడే పట్టుకునేవాళ్లం, డోసు పెంచేవాళ్లం. ఎందుకు రాలేదు?" అంది.

సుగుణ కిటికీ వైపు చూస్తోంది.

"బంగారుపేటలో దిగి అక్క ఇంటికి పోయినాను మేడం" అన్నాను. "ఇంట్లో అబద్ధం చెప్పినాను."

తిరుగు రైలు ఖాళీగా ఉంది. మాలూరు దాటాక అడిగాను. "నీకు ఆ రోజే తెలిసిపోయిందా?"

"మీ అక్క ముద్దల మాట ఎత్తినప్పుడు."

"మరి అప్పుడే చెప్పింటే చెయ్యి కాల్చుకునే పనే లేకపోయె గదా."

"నువ్వు చెప్తావని చూసినా" అంది. సంచిలోంచి ఫ్లాస్కు తీసి, "కర్పూరం అంటుకున్నంక కూడా చూసినా" అంది.

నేను ఏడుస్తూ తప్పయిందన్నాను. ఆమె ఫ్లాస్కు మూత విప్పి నీళ్లు పోసి ఇచ్చింది. "నాకు చెప్పేదానికి ఏముండాది? నాకు తెలుసు. తెలీనోళ్లకు చెప్పు."

అక్కనూ బావనూ పిలిపించాను. మేరీ అమ్మను కూడా రమ్మన్నాను. అదే గడప దగ్గర కూర్చుని, రైలు దిగిన దగ్గర్నుంచి డాక్టరమ్మ మాట దాకా అంతా చెప్పాను. అక్క చివరిదాకా విన్నది. తర్వాత నా మీద విరుచుకుపడింది.

"ఆస్పత్రికి పోవల్లని ఒక్క మాట చెప్పింటే నేనే బస్సెక్కించి పంపిద్దును గదరా! నా చేతి ముద్ద తిని, నా చేతనే ఈ పిల్ల చెయ్యి కాల్పిస్తివి."

"అవునక్కా."

"అది మన రక్తంలోదే అంటావా?"

"మనదే. నీకూ ఉండొచ్చు."

అక్క లేచి సుగుణ దగ్గరికి పోయి, ఆమె కుడి చెయ్యి తీసుకుని తిప్పి చూసింది. "మచ్చ పోల్యా" అంది. క్షమించమని అనలేదు. ఆమెకు ఆ మాట రాదు. సుగుణ మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకుని, "పోతాది లే వదినా, సెంటరుకు టైమైంది" అని చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంది.

ఇప్పుడు మాత్ర డోసు ఎక్కువ. రక్తంలో మందు నిలుస్తోంది. గుండె ఆ తిరుగుబాటులో కొంత దెబ్బతింది, మునుపటి బలం రాదన్నారు. మళ్లీ తిరగబడదని ఎవరూ మాట ఇవ్వరు. గుండె మార్పించుకున్నవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. మాత్ర మింగితే పని అయిపోలేదు, రక్తం చూపించుకునే రోజు తప్పించుకోవద్దు. ఇంట్లోవాళ్లకు చెప్పేది ఒకటుంది. మందు రక్తంలో లేదంటే, ఇచ్చిన చేతిని అనుమానించే ముందు డాక్టరును అడగండి. ఊళ్లో ఇంకా సుగుణ పేరు ఎత్తేవాళ్లకు ఈ రాసింది చదివి వినిపించండి.

నెలకోసారి రక్తానికి ఇద్దరమూ పోతున్నాము. సుగుణకు రైలెక్కగానే నిద్రపోయే అలవాటు. పెళ్లయినప్పటి నుంచీ చూస్తున్నాను, ఊరిగాం స్టేషను కదిలేలోపే తల కిటికీకి ఆన్చి కళ్లు మూసుకుంటుంది. ఇప్పుడు అలా కాదు. ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని నిటారుగా కూర్చుంటుంది. బంగారుపేటలో రైలు ఆగినంతసేపూ తలుపు వైపు చూస్తుంది. నన్ను చూడదు. రైలు కదిలి ప్లాట్‌ఫారం పూర్తిగా వెనక్కి పోయాక, అప్పుడు కళ్లు మూసుకుంటుంది.